చక్రాల స్టంప్ గ్రైండర్ సులువుగా తిరగాలంటే: డెల్టా నేలలకు ఏ మార్పు సరిపోతుంది

కొబ్బరి మొద్దులు తీయడానికి, అంటే పళ్ళున్న కట్టర్ చక్రంతో వాటిని పొడిపొడిగా కోసేయడానికి, చక్రాల స్టంప్ గ్రైండర్ కొన్నవాళ్ళు, లేదా పాత ఇంజను పెట్టి వెల్డింగ్ షాపులో తయారు చేయించుకున్నవాళ్ళు కొన్నాళ్ళకే చెప్పే మాట ఒకటే. కోత బాగానే ఉందండి, మిషన్‌ని తిప్పడానికే ప్రాణం పోతోంది. ముందు రెండు చక్రాలు నడుస్తాయి, వెనక ఒక చిన్న చక్రం ఉంటుంది, మనం హ్యాండిల్ పట్టుకుని వెనకాల నడుస్తాం. తిన్నగా వెళ్ళినంతసేపు బాధ లేదు. మొద్దు దగ్గరకు వచ్చి పక్కకు తిప్పాల్సి వస్తే ఒకరు హ్యాండిల్ నెడుతుంటే ఇంకొకరు చక్రాన్ని గడ్డపారతో ఎగదోయాలి.

కోనసీమలో ఈ పని తగ్గేది కాదు. కొట్టేసిన చెట్టు మొద్దును అలాగే వదిలేస్తే కుళ్ళిన దాంట్లో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది, పక్కనున్న మంచి చెట్ల మొవ్వులు తినేస్తుంది. గానోడెర్మా తెగులుతో పోయిన చెట్టయితే మొద్దునూ వేళ్ళనూ తీసి పారేయాల్సిందే, ఎందుకంటే ఆ శిలీంధ్రం మట్టిలోనూ వేళ్ళలోనూ బతికే ఉంటుంది. కాబట్టి మిషన్‌ని మూలన పడేయడం కుదరదు, తిరిగేలా చేసుకోవాలి. దానికి చాలా దారులున్నాయి, ఒక్కో మెకానిక్ ఒక్కోటి చెబుతాడు, అందులో మీ నేలకూ మీ పనికీ ఏది సరిపోతుందో తేల్చుకోవడం కోసమే ఇదంతా రాస్తున్నాను.

అసలు ఎందుకు తిరగదు

చవక మిషన్లలో చాలావాటికి రెండు చక్రాలూ ఒకే యాక్సిల్‌కి బిగించి ఉంటాయి. రెండూ ఒకే వేగంతో తిరగాలి, వేరే దారి లేదు. కానీ మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. చక్రాల మధ్య దూరం 70 సెంటీమీటర్లు అనుకోండి, మిషన్‌ని 90 డిగ్రీలు తిప్పితే బయటి చక్రం లోపలి దానికంటే దాదాపు 110 సెంటీమీటర్లు ఎక్కువ నడవాలి. అది నడవలేదు కాబట్టి ఏదో ఒక టైరు నేల మీద ఈడ్చుకుపోవాలి. సిమెంటు మీద అయితే కీచుమంటూ జారుతుంది, ఇసుక లంకల్లో కాస్త జారిపోతుంది, తడి రేగడిలో మాత్రం టైరు పక్కన మట్టి గట్టులా లేచి మిషన్‌ని బిగించేస్తుంది. హ్యాండిల్ పొడుగు పెంచితే బలం వస్తుందని కొందరు పైపు అతికిస్తారు. కొంచెం వస్తుంది, నిజమే, కానీ అరటి వరసల మధ్య ఆ పొడుగు హ్యాండిల్ తిప్పే చోటే ఉండదు. చేతి బలం పెంచుకోవడం మీద డబ్బు పెట్టకండి, రెండు చక్రాలు వేర్వేరుగా తిరిగేలా చేసుకోవడం మీద పెట్టండి. కింద చెప్పబోయేవన్నీ దాదాపు ఆ ఒక్క పనినే తలో రకంగా చేస్తాయి.

ఏం చూసి ఎంచుకోవాలి

మొదటిది నేల. అంబాజీపేట, రావులపాలెం వైపు తోటల్లో ఒండ్రు, లంకల్లో ఇసుక ఎక్కువున్న నేల, పల్లపు వరి చేల పక్కన జిగట రేగడి, తీరం దగ్గర సరుగుడు తోటల్లో వట్టి ఇసుక. ఒక చోట బ్రహ్మాండంగా పనిచేసిన మార్పు ఇంకో చోట కూరుకుపోతుంది.

రెండోది, చాలామంది వదిలేసేది: మిషన్ రెండు రకాలుగా తిరగాలి. ఒక మొద్దు నుంచి ఇంకో మొద్దుకు పోయేటప్పుడు పెద్ద మలుపు కావాలి. కోసేటప్పుడు కట్టర్ చక్రం మొద్దు మీద ఈ చివర నుంచి ఆ చివరకు చాపంలా మెల్లగా జరగాలి. కొబ్బరి మొదలు అడుగున బాగా లావెక్కి ఉంటుంది, తల్లివేరు ఉండదు గానీ వేల పీచు వేళ్ళు ఆ దుబ్బు చుట్టూ అల్లుకుని ఉంటాయి, అందుకే మొద్దు వెడల్పంతా మళ్ళీ మళ్ళీ ఊడ్చుకుంటూ దిగాలి. ఈ రెండో తిరుగుడు, అంటే కోత ఊపు, బాగాలేకపోతే సాయంత్రానికి నడుము పనిచేయదు.

మూడోది తాళం. పళ్ళు మొద్దును పట్టుకున్నప్పుడు మిషన్ ఎగురుతుంది, లాగుతుంది. ఆ క్షణంలో చక్రాలు వాటంతటవే తిరిగేలా ఉంటే ప్రమాదం. సులువుగా తిరిగే ఏర్పాటు ఎంత ముఖ్యమో, కోసేటప్పుడు అది కదలకుండా నిలిచే ఏర్పాటూ అంతే ముఖ్యం.

ఆ తర్వాత గట్టు వాలు, పుంతలోనూ దొడ్డి గేటులోనూ పట్టే వెడల్పు, పాడైతే మన ఊరి లేత్ షాపులో బాగుపడుతుందా లేదా అన్నవి. ఖర్చు చివర చూడండి. చవకగా పని జరిగే చోట ఎక్కువ పెట్టడం ఎంత తప్పో, రోజూ పని ఉన్నవాళ్ళు చవక మార్పుతో సరిపెట్టుకోవడం కూడా అంతే తప్పు.

బరువు సర్దడం, వెనక చక్రం మార్చడం

ఏ దారి ఎంచుకున్నా ముందు ఇది చేయండి. మిషన్‌ని చదునైన చోట పెట్టి వెనక చక్రం కింద కాటా పెట్టి చూడండి. 350 కిలోల మిషన్‌కి వెనక చక్రం మీదే 90 కిలోలు పడుతుంటే అది మట్టిలో దిగబడక ఏం చేస్తుంది. బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు లాంటివి కొంచెం ముందుకు జరిపి, లేదంటే యాక్సిల్‌నే కొంచెం వెనక్కి మార్చి ఆ బరువు సగానికి తెస్తే తేడా చేతికి వెంటనే తెలుస్తుంది. మరీ తగ్గించొద్దు. కట్టర్ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి గట్టు దిగేటప్పుడు మిషన్ ముక్కు మీద పడుతుంది. ట్యాంకు నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి, వాలు మీద పరీక్షించి అప్పుడే బోల్టులు పూర్తిగా బిగించండి.

వెనక చక్రం సన్నగా ఉంటే వెడల్పుది వేయండి, లేదా రెండు చక్రాలు జంటగా వేయండి. అది తిరిగే నిలువు కడ్డీకి బుష్ బదులు బరువు మోసే థ్రస్ట్ బేరింగ్ పెట్టించండి. చక్రం ఇరుసు ఆ కడ్డీకి సరిగ్గా కింద ఉండకూడదు, కొన్ని సెంటీమీటర్లు వెనక్కి ఉండాలి, అప్పుడే మనం పోయే వైపు అదే తిరుగుతుంది. ఆ దూరం మరీ ఎక్కువైతే రివర్స్ చేసినప్పుడు చక్రం వెనక్కి మళ్ళేటప్పుడు హ్యాండిల్‌ని పక్కకు గట్టిగా విసురుతుంది.

ఇంకొకటి. కోసేటప్పుడు మిషన్ వెనక భాగం పక్కకు జరగాలి, అంటే వెనక చక్రం మిషన్‌కి అడ్డంగా నిలబడి ఉండాలి. తిన్నగా ఉంటే అది దొర్లదు, ఈడ్చుకుపోతుంది. అందుకని ఆ కడ్డీకి రెండు చోట్ల పిన్ను పడేలా రంధ్రాలు వేయించండి: తిన్నగా ఒకటి, అడ్డంగా ఒకటి. చిన్న పని, లేత్ షాపులో ఒక పూట పడుతుంది, లాభం మాత్రం చాలా ఎక్కువ.

టైర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పవర్ టిల్లర్‌కి వాడే 6.00-12 సైజు టైరు ఎక్కడైనా దొరుకుతుంది, దాని గట్లు బురదను పట్టుకుంటాయి. కానీ అదే పట్టు సిమెంటు మీదా గట్టి నేల మీదా తిప్పడాన్ని బరువు చేస్తుంది. గాలి తగ్గిస్తే మెత్తని నేలలో దిగబడదు, గట్టి నేలలో తిరగదు. ఇళ్ళ స్థలాల్లో పని ఎక్కువైతే గట్లు తక్కువున్న టైరే మంచిది. పక్కకు పడకుండా జంట చక్రాలు వేసుకున్నవాళ్ళు బయటి చక్రాలను గట్టు పనికి మాత్రమే ఉంచి, మిగతా చోట్ల తీసేయండి, ఎందుకంటే చక్రాల వెడల్పు పెరిగేకొద్దీ మలుపులో ఈడ్పు కూడా పెరుగుతుంది.

పిన్ను తీసే హబ్

ఒక్కో చక్రానికి యాక్సిల్‌తో సంబంధం ఒక పిన్నుతోనే ఉండేలా చేయడం. ఒక వైపు పిన్ను తీస్తే ఆ చక్రం ఊరికే దొర్లుతుంది, ఇంకో చక్రం ఒక్కటే లాగుతుంది. మలుపు ఇట్టే వస్తుంది. ఖర్చు తక్కువే.

లోపాలు చిన్నవి కావు. లాగేది ఒక్క చక్రమే కాబట్టి తడి నేలలో అక్కడే తిరుగుతూ గుంట తవ్వుతుంది, పైగా తిన్నగా పోవాలన్నా పక్కకు లాగుతుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, పిన్ను తీసిన చక్రాన్ని గేరుబాక్స్ పట్టుకోలేదు. గట్టు వాలు మీద రెండు పిన్నులూ తీశారంటే మిషన్ కాలవలోకి పోతుంది. చదునైన పెరట్లో, అప్పుడప్పుడూ పనికైతే చాలు. గట్ల మీద పని చేసేవాళ్ళకు నేను ఇది చెప్పను.

పవర్ టిల్లర్ స్టీరింగ్ క్లచ్

డెల్టాలో దమ్ము చేసిన ప్రతివాళ్ళకూ ఇది తెలుసు. ఎడమ హ్యాండిల్ కింద లివరు నొక్కితే ఎడమ చక్రానికి పవర్ ఆగిపోతుంది, కుడి చక్రం నడుస్తూనే ఉంటుంది, బండి ఎడమకు తిరుగుతుంది. వదలగానే స్ప్రింగు దాన్ని మళ్ళీ కలిపేస్తుంది. పాత టిల్లర్ గేరుబాక్స్ మొత్తం తెచ్చి గ్రైండర్ ఫ్రేములో పెట్టించుకుంటే మీకు స్టీరింగూ, తక్కువ వేగం గేర్లూ, రివర్సూ ఒకేసారి వస్తాయి. స్పేర్లు దొరుకుతాయి, విప్పి బిగించగల మెకానిక్ పక్క ఊళ్ళోనే ఉంటాడు. మన ప్రాంతానికి ఇది పెద్ద లాభం. లివరు వదిలేస్తే రెండు చక్రాలూ కలిసి బిగుసుకుంటాయి కాబట్టి కోసేటప్పుడు మిషన్ పక్కకు అంతగా ఊగదు, అయినా రెండూ కలిసి దొర్లకుండా చూసుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త, ఇది తెలియక గట్టు మీద కంగారుపడతారు. వాలు దిగేటప్పుడు ఇంజనే మిషన్‌ని పట్టి ఆపుతూ ఉంటుంది. అప్పుడు ఎడమ లివరు నొక్కితే ఎడమ చక్రానికి ఆ పట్టు పోయి అది వేగంగా దొర్లుతుంది, కుడిది మెల్లగానే ఉంటుంది, ఫలితంగా మిషన్ కుడికి తిరుగుతుంది. అంటే దిగువకు పోయేటప్పుడు లివర్లు తారుమారుగా పనిచేస్తాయి. టిల్లర్ తోలినవాళ్ళ చేతికి ఇది అలవాటే, కొత్తగా కూలికి వచ్చిన కుర్రాడికి తెలియదు. అతనికి మిషన్ ఇచ్చే ముందు వాలు మీద నిలబెట్టి చూపించండి, మాటతో సరిపెట్టొద్దు.

ఇంకో లోటు, ఇందులో పక్క బ్రేకులు ఉండవు. పవర్ ఆపిన చక్రం దొర్లుతుందే గానీ ఆగదు, అందుకే మలుపు కొంచెం వెడల్పుగా వస్తుంది, కోత ఊపు కూడా వదులుగా ఉంటుంది. ప్రతి చక్రం ఇరుసు మీద చిన్న డ్రమ్ బ్రేకు వేయించి అదే లివరు చివరి పట్టుకు కలిపితే, సగం నొక్కినప్పుడు పవర్ పోతుంది, పూర్తిగా నొక్కినప్పుడు చక్రం ఆగుతుంది. ఆగిన చక్రం చుట్టూ మిషన్ తిరుగుతుంది, మొద్దు మీద కట్టర్ చక్కగా చాపంలా ఊడుస్తుంది. టిల్లర్ క్లచ్, పక్క బ్రేకు కలిపిన ఈ ఏర్పాటే నా లెక్కలో మన తోటలకు అన్నిటికంటే సరైనది.

డిఫరెన్షియల్, వేరువేరు బ్రేకులు

సరుకుల ఆటోదో, మినీ ట్రక్కుదో పాత వెనక యాక్సిల్ తెచ్చి వేయడం. ట్రాక్టరులో కుడి ఎడమ బ్రేకు పెడళ్ళు వేరుగా ఉండి, దమ్ములో ఒక్క పెడల్ తొక్కి మలుపు తిప్పుతారు చూడండి, అదే పద్ధతి. డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ వేగం తనంతట పంచుతుంది, ఏ లివరూ నొక్కకపోయినా మలుపు మెత్తగా వస్తుంది. గట్టి నేల మీద, రోడ్డు పక్కన, లేఅవుట్లలో దీనంత హాయి ఇంకోటి లేదు.

బురదలో మాత్రం దీని గుణమే దీనికి శత్రువు. పట్టు లేని చక్రం వైపే పవరంతా పోతుంది, అది ఊరికే గిర్రున తిరుగుతుంది, రెండోది కదలదు. తిరుగుతున్న చక్రం బ్రేకు కొంచెం పట్టి పవర్‌ని రెండో వైపుకు పంపించొచ్చు, కానీ రోజంతా అలా చేస్తే బ్రేకు లైనింగులు అరిగిపోతాయి. కోసేటప్పుడు రెండు బ్రేకులూ పట్టుకుని ఉండే గొలుసో ర్యాచెట్టో తప్పనిసరి, లేకపోతే మిషన్ పక్కకు ఊగుతుంది. ఆ యాక్సిళ్ళు బండి వేగానికి చేసినవి కాబట్టి ముందు చైనుతోనో గేరుతోనో వేగం బాగా తగ్గించాలి. వెడల్పు కూడా కొలుచుకోండి, మినీ ట్రక్కు యాక్సిల్‌ని కోసి పొట్టి చేయడం మామూలు వెల్డరు చేసే పని కాదు.

రెండు హైడ్రాలిక్ మోటార్లు

ప్రతి చక్రానికీ ఒక హైడ్రాలిక్ మోటారు, చేతిలో రెండు లివర్లు. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి తోస్తే మిషన్ ఉన్నచోటే తిరుగుతుంది. కోత ఊపు వేలితో నడుస్తుంది. కంపెనీ మిషన్లలో పెద్దవి చాలావరకు ఈ దారిలోనే ఉంటాయి.

ఇక్కడ తేల్చుకోవాల్సింది నూనె ఎలా పోవాలన్నది. నిమిషానికి 20 లీటర్ల నూనె తోసే పంపు, ఒక చుట్టుకు 400 సీసీ నూనె పట్టే మోటార్లు, 6.00-12 టైర్లు అనుకుందాం. పంపు నూనె రెండు మోటార్లకూ విడిపోయి పోతే, అంటే ప్యారలల్‌గా కలిపితే, ఒక్కోటి నిమిషానికి 25 చుట్లు తిరుగుతుంది, మిషన్ గంటకు రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు నడుస్తుంది, రెండింటికీ పూర్తి ఒత్తిడి అందుతుంది, మలుపులో వేగం దానంతట పంచుకుంటుంది. అయితే నూనె ఎప్పుడూ తేలిక దారినే వెతుక్కుంటుంది కాబట్టి రేగడిలో జారే చక్రమే తిరుగుతుంది, డిఫరెన్షియల్‌కి ఉన్న జబ్బే. ఒకదాని నుంచి ఇంకోదానికి నూనె పోయేలా, అంటే సిరీస్‌లో కలిపితే వేగం రెట్టింపవుతుంది, రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగి తీరతాయి, కానీ ఒత్తిడి ఇద్దరూ పంచుకుంటారు, తోసే బలం సగమవుతుంది. అందుకని ఈ రెండింటి మధ్య మార్చుకునే వాల్వో, నూనెను సమానంగా పంచే ఫ్లో డివైడరో పెట్టించండి. అది లేకుండా హైడ్రాలిక్ వేయించుకుని తడి తోటలోకి దింపితే పెట్టిన డబ్బుకు ఏడుపు వస్తుంది.

మన ఎండలు కూడా లెక్కలోకి తీసుకోండి. మే నెల మధ్యాహ్నం ఇంజను పక్కనే చిన్న నూనె ట్యాంకు ఉంటే నూనె కాగి పలచబడుతుంది, మోటార్లు లోపల లీకై బలం తగ్గుతుంది. 46 గ్రేడు బదులు ఇంకా చిక్కటి 68 గ్రేడు నూనె, పెద్ద ట్యాంకు, గాలి తగిలే కూలరు ఉండాలి. కొబ్బరి పీచు, పొడి ప్రతి సందులోకీ పోతుంది, హోసు విప్పిన ప్రతిసారీ మూత పెట్టకపోతే వాల్వులు గీసుకుపోతాయి. టిల్లర్ గేరుబాక్స్ బాగుచేసినంత తేలిగ్గా దీన్ని ఊళ్ళో బాగు చేయలేరు.

ఒక చూపులో

| మార్పు | తడి రేగడి | ఇసుక లంక | గట్టి స్థలం | గట్టు వాలు | కోత ఊపు | ఖర్చు | ఊళ్ళో రిపేరు |
|---|---|---|---|---|---|---|---|
| బరువు, వెనక చక్రం | కొంత మేలు | మేలు | మేలు | చూసి చేయాలి | మేలు | చాలా తక్కువ | సులువు |
| పిన్ను హబ్ | కూరుకుంటుంది | పర్వాలేదు | బాగు | వద్దు | వదులు | తక్కువ | సులువు |
| టిల్లర్ క్లచ్, పక్క బ్రేకు | బాగు | బాగు | బాగు | అలవాటు కావాలి | బాగు | మధ్యస్థం | సులువు |
| డిఫరెన్షియల్, బ్రేకులు | కష్టం | పర్వాలేదు | చాలా బాగు | బ్రేకులు బాగుంటేనే | బాగు | మధ్యస్థం | పర్వాలేదు |
| హైడ్రాలిక్ మోటార్లు | డివైడరుంటే బాగు | చాలా బాగు | చాలా బాగు | బాగు | చాలా బాగు | చాలా ఎక్కువ | కష్టం |

ఎవరికి ఏది

సొంతానికి రెండు మూడు ఎకరాల కొబ్బరి ఉండి, ఏడాదికి కొన్ని మొద్దులు తీసుకునేవాళ్ళు బరువు సర్ది, వెనక చక్రం మార్చి ఆగిపోండి. అంతకుమించి పెడితే ఆ డబ్బు తిరిగి రాదు. మొద్దులు ఎక్కువున్న ఏడాది కిరాయికి మిషన్ తెప్పించుకోవడమే నయం.

ఎనిమిది మీటర్ల ఎడంతో వేసిన తోటలో చెట్ల మధ్య చోటు బాగానే ఉంటుంది, కానీ అందులో కోకో, అరటి, కంద వేసి ఉంటే మిషన్‌కి దొరికేది సన్నని సందు, దానికి అడ్డంగా బోదెలు. అలాంటి తోటల్లో ఉన్నచోటే తిరగగలగడం ముఖ్యం. టిల్లర్ క్లచ్‌కి బ్రేకు కలిపింది, లేదా హైడ్రాలిక్. ట్రాక్టరు వెనక తగిలించే గ్రైండర్ కొంటే ఈ స్టీరింగ్ గొడవే ఉండదు కదా అంటారు కొందరు, ఖాళీ తోటలో అది నిజం, అంతర పంటలున్న తోటలోకి ట్రాక్టరే పోదు.

కిరాయికి తిప్పేవాళ్ళకు, రోజూ రెండు మూడు ఊళ్ళు మారేవాళ్ళకు హైడ్రాలిక్ ఖర్చు గిట్టుబాటవుతుంది, ఎందుకంటే రెండో మనిషి కూలి మిగులుతుంది, ఒంట్లో ఓపికా మిగులుతుంది. ఒక షరతు, స్పేర్ హోసులు, సీళ్ళు బండిలో ఉండాలి. ఆ జాగ్రత్త పడలేనివాళ్ళు టిల్లర్ క్లచ్ దగ్గరే ఉండండి, వానాకాలంలో మిషన్ నిలబడిపోయే రోజులు తక్కువ.

ఇళ్ళ స్థలాలు, రోడ్డు పక్క చెట్లు, అపార్టుమెంటు ఆవరణలు చేసేవాళ్ళు డిఫరెన్షియల్‌కి పోండి. టైల్స్ మీద టైరు గీత పడదు, గేటులో తేలిగ్గా తిరుగుతుంది. కాలవ గట్ల మీద పనిచేసేవాళ్ళు స్టీరింగ్ కంటే ముందు బ్రేకులు చూసుకోండి, చక్రాల మధ్య వెడల్పు చూసుకోండి.

మార్పు చేయించాక

ముందు కట్టర్ బెల్టు తీసేసి, పళ్ళు తిరగకుండా మిషన్‌ని చదును మీద, తర్వాత తడి చోట, తర్వాత వాలు మీద ఎడమకూ కుడికీ తిప్పి చూడండి. ఏ లివరు వదిలినా అది తనంతట వెనక్కి రావాలి, ఇరుక్కుపోయే లివరుతో మిషన్‌ని తోటలోకి తీసుకెళ్ళొద్దు. ఒక మొద్దు నుంచి ఇంకోదానికి పోయేటప్పుడు కట్టర్ ఆగేదాకా ఆగండి, స్టీరింగ్ ఎంత సులువైనా సరే. గానోడెర్మా వచ్చిన తోటలో పని చేశాక టైర్లకు పట్టిన మట్టి, వెనక చక్రం ఫోర్కులో ఇరుక్కున్న పీచు అక్కడే గీకి కడిగేశాకే మిషన్‌ని బండెక్కించండి, లేదంటే ఆ మట్టి తర్వాతి తోటకు మీతోపాటే పోతుంది.